వి6 తీసి వి8 పెడితే పాత ఆల్ఫా స్టెర్న్‌డ్రైవ్ నిలబడుతుందా?

మీ ప్రశ్న ఇది. గోవా నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన 19 అడుగుల ఫైబర్ బోటు, అందులో 4.3 లీటర్ల వి6 (ఆరు సిలిండర్ల) పెట్రోల్ ఇంజన్, వెనక మెర్‌క్రూజర్ కంపెనీ ఆల్ఫా వన్ జెన్ టూ స్టెర్న్‌డ్రైవ్, అంటే లోపలి ఇంజన్ బలాన్ని బయటి ఫ్యాన్‌కు (ప్రొపెల్లర్‌కు) చేర్చే గేరు భాగం. ట్యూబ్‌లు, బనానా బోట్లు, అంటే జనం కూర్చునే గాలి బోట్లు, తాడుతో లాగించాలని మీ ఆలోచన. ఇంజన్ వేడెక్కి బ్లాక్ పగిలింది. దాదాపు అదే ధరకు 5.7 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్లది) దొరుకుతోంది. అది పెడితే పాత డ్రైవ్ తట్టుకుంటుందా, ఎన్నాళ్లు వస్తుంది, లేకపోతే అదే కంపెనీ ఇంకా గట్టి మోడల్ బ్రావో డ్రైవే కొనాలా?

సూటిగా చెప్తాను. తట్టుకుంటుంది. మీ వాడకానికి బ్రావో అక్కర్లేదు. కంపెనీయే ఆల్ఫా డ్రైవ్‌ను దాదాపు 300 హార్స్‌పవర్ ఇంజన్ల వరకు బిగించి అమ్మింది. మీరు చెప్పే కార్బురేటర్ వి8 250, 260 దగ్గర ఉంటుంది. కానీ కంపెనీ ఆ పెద్ద ఇంజన్ వెనక పెట్టిన ఆల్ఫా, ఇప్పుడు మీ బోటు వెనక ఉన్న ఆల్ఫా పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల గేర్లు ఒకటి కావు. ఆ తేడా సరిచేసుకోవాలి. ఇంకోటి, నడిపే వాళ్ల చెయ్యి కూడా మారాలి. ఈ రెండిట్లో రెండోదే కష్టం.

నేను హన్మకొండ వాణ్ని. పద్నాలుగేళ్లు షార్జాలో ఒక బోట్ వర్క్‌షాపులో చేశాను, అందులో సగానికి పైగా స్టెర్న్‌డ్రైవ్‌ల మీదే. తిరిగొచ్చాక మానేరు, లక్నవరం వైపు తిరిగే బోట్లు, కొందరి సొంత బోట్లు చూస్తున్నాను. "ఇంజన్ పవర్ ఎక్కువై గేర్లు పోయాయి" అని నా దగ్గరికి వచ్చిన డ్రైవ్‌లు చాలానే విప్పాను. విప్పి చూస్తే పవర్ ఒక్కటే కారణమైనవి తక్కువ. ఆయిల్‌లో నీళ్లు కలిసి కొన్ని, ఇంజన్ లైన్ తప్పి కొన్ని, గట్టి దెబ్బ తగిలి చాలా. గేరు పన్ను బరువుకు అరుగుతుంది, దెబ్బకు విరుగుతుంది. అరగడానికి ఏళ్లు పడుతుంది, విరగడానికి ఒక్క క్షణం చాలు.

ట్రాక్టర్ పని తెలిసిన వాళ్లకు ఈ డ్రైవ్ తొందరగా అర్థమవుతుంది. ఇంజన్ బోటు లోపల వెనక గోడకు దగ్గరగా ఉంటుంది. దాని ఫ్లైవీల్‌కు ఒక కప్లర్, ఆ కప్లర్‌లోకి దూరే షాఫ్ట్, ఆ షాఫ్ట్‌కు క్రాస్ జాయింట్లు. అచ్చం పీటీఓ షాఫ్ట్‌కు ఉండే క్రాస్‌ల లాంటివే. గోడ దాటి బయటికి వచ్చాక పై గేరు బాక్సులో బలం కిందికి మలుపు తిరుగుతుంది. నిలువు షాఫ్ట్ మీదుగా కిందికి దిగి, కింది గేర్లలో మళ్లీ వెనక్కి తిరిగి ఫ్యాన్‌కు చేరుతుంది. వోల్వో పెంటా 1959లో, మెర్‌క్రూజర్ 1961లో ఇలాంటి డ్రైవ్‌లు తెచ్చిన దగ్గర్నుంచి మూల పద్ధతి ఇదే. అంటే మీ ఇంజన్ బలమంతా రెండు చోట్ల అడ్డంగా మలుపు తిరగాలి. ఆ మలుపులో ఒక్కో క్షణాన రెండు మూడు పళ్లే మొత్తం బరువు మోస్తాయి.

ముందుగా రేషియో చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. మీ వి6 వెనక వచ్చిన ఆల్ఫా జెన్ టూ సాధారణంగా 1.81 రేషియోది, అంటే ఇంజన్ 1.81 చుట్లు తిరిగితే ఫ్యాన్ ఒక చుట్టు తిరుగుతుంది. 5.7 వి8 వెనక కంపెనీ పెట్టేది ఎక్కువగా 1.47. ఎందుకు మార్చారో చిన్న లెక్కతో తెలుస్తుంది.

190 హార్స్‌పవర్ వి6, 4,600 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే టార్క్ (తిప్పే బలం) సుమారు 294 న్యూటన్ మీటర్లు. దాన్ని 1.81తో గుణిస్తే ఫ్యాన్ షాఫ్ట్ మీద పడేది 532. ఇప్పుడు 260 హార్స్‌పవర్ వి8 పెట్టండి. అదే ఆర్‌పీఎం దగ్గర టార్క్ సుమారు 403. పాత 1.81 డ్రైవే ఉంచితే ఫ్యాన్ షాఫ్ట్ మీద 729 అవుతుంది, అంటే 37 శాతం ఎక్కువ. 1.47 పెడితే 592, అంటే 11 శాతమే ఎక్కువ. ఇంజన్ అదే, బోటు అదే, కానీ కింది గేర్ల మీద, ఫ్యాన్ షాఫ్ట్ మీద పడే బరువులో అంత తేడా. నిండు థ్రాటిల్‌లో లెక్క ఇది. మధ్య ఆర్‌పీఎంలో వి8 టార్క్ ఇంకా ఎక్కువే ఉంటుంది, కాబట్టి తేడా తగ్గదు.

ఆల్ఫాలో రేషియో మార్చడమంటే పై గేరు బాక్సులో గేర్ల సెట్ మార్చడం. లేదా సరైన రేషియో ఉన్న పై బాక్సే సెకండ్ హ్యాండ్‌లో మొత్తంగా తెచ్చుకోవడం. నేనైతే రెండోదే చెప్తాను. గేర్ల సెట్ విడిగా కొంటే షిమ్‌లు (పల్చటి రేకు వాషర్లు) పెట్టి పళ్ల మధ్య సందు కొలవాలి, బేరింగుల బిగింపు చూడాలి, పళ్లకు రంగు పూసి తిప్పి అవి ఎక్కడ ఆనుతున్నాయో చూడాలి. దానికి టూల్స్ కావాలి, చేసిన అనుభవం కావాలి. ఒకాయన పాత బాక్సులో కొత్త బేరింగులు వేసి, పాత షిమ్‌లే తిరిగి పెట్టేసి, తిరుగుతోంది కదా అని బిగించాడు. ఇరవై గంటలు కూడా నడవలేదు. నేను విప్పితే పళ్ల పైఅంచు ఒక్కటే మెరుస్తోంది, మిగతా పన్నంతా తాకనే లేదు. పన్ను మొత్తం మీద పడాల్సిన బరువు గోటి అంచంత చోట పడింది.

1.81తోనే నడపొచ్చు కదా అని అడుగుతారు. నడపొచ్చు. ఇద్దరు ముగ్గురితో, మెల్లగా తిప్పుకునే బోటైతే ఏళ్ల తరబడి నడుస్తుంది కూడా. కానీ ట్యూబ్‌లు, బనానా బోట్లు లాగించాలని మీరే రాశారు. నీళ్లలో ఆగి ఉన్న బరువును గుంజి లేపే పని అది. దానికి 1.81 పెడితే మొదట పోయేది మీ డ్రైవే.

ఇక దెబ్బ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, డ్రైవ్ ఆయుష్షు ఇక్కడే ఉంది.

షార్జాలో మా వర్క్‌షాపుకు ఒకే మోడల్ బోట్లు రెండు వచ్చేవి. రెండింటికీ ఒకే ఇంజన్, ఒకే ఆల్ఫా. ఒక బోటు యజమానికి అల మీద నుంచి బోటు ఎగిరితే సరదా. ఎగిరినప్పుడు ఫ్యాన్ గాల్లోకి వస్తుంది, దానికి నీళ్ల పట్టు ఉండదు, ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది. ఆయన థ్రాటిల్ తగ్గించేవాడు కాదు. బోటు కింద పడగానే అంత వేగంగా తిరిగే ఫ్యాన్ ఒక్క దెబ్బకు నీళ్లను పట్టుకుంటుంది. ఆ దెబ్బ ఫ్యాన్ నుంచి కింది గేర్లకు, నిలువు షాఫ్ట్‌కు, పై గేర్లకు, క్రాస్‌లకు వరుసగా పాకుతుంది. మూడేళ్లలో ఆయనకు పై గేర్లు రెండుసార్లు మార్చాం. రెండో బోటు ఒక చేపలు పట్టే పెద్దాయనది. అల కనిపించగానే ఆయన చెయ్యి వెనక్కి వచ్చేది. నేను అక్కడున్నంత కాలం ఆ డ్రైవ్‌కు ఆయిల్, ఇంపెల్లర్ (నీళ్ల పంపులోని రబ్బరు చక్రం), బెలోస్ (క్రాస్‌ల మీది రబ్బరు తొడుగు) తప్ప ఏమీ మార్చలేదు.

మన దగ్గర సముద్రమంత అలలు లేవు. కానీ దెబ్బ కొట్టే పద్ధతులు మనకూ ఉన్నాయి. మొదటిది, మలుపులో డ్రైవ్‌ను పైకి ట్రిమ్ చేసి, అంటే వెనక్కి పైకి లేపి ఉంచడం. ఫ్యాన్ గాలి మింగుతుంది, ఇంజన్ అరుస్తుంది, తర్వాత ఒక్కసారిగా పట్టు దొరుకుతుంది. అల మీద నుంచి పడినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. రెండోది, నిలబడి ఉన్న బోటుకు లీవర్ ఒకేసారి నిండా నెట్టడం. వి6 దగ్గర ఇది చెల్లింది, ఎందుకంటే దానికి అంత టార్క్ లేదు. వి8 దగ్గర చెల్లదు. మూడోది, ట్యూబ్ తాడు వదులుగా ఉన్నప్పుడు గుంజడం. తాడు బిగుసుకున్న క్షణాన బోటు ఆగినంత పనవుతుంది, ఆ దెబ్బంతా గేర్ల మీదే.

అందుకని నేను నేర్పే పద్ధతి ఇది. డ్రైవ్ పూర్తిగా కిందికి దించి బయలుదేరండి. గేరులో పడ్డాక తాడు బిగిసే దాకా ఐడిల్‌లోనే పోనివ్వండి. తర్వాత ఒకటి నుంచి మూడు లెక్కపెట్టేంత సేపట్లో లీవర్ ముందుకు తీసుకెళ్లండి. బోటు ముక్కు దిగి నీటి మీద తేలాక వెంటనే థ్రాటిల్ తగ్గించండి. ఆ మూడు లెక్కల వల్ల మీకు ఒకట్రెండు సెకన్లు పోతాయి. గేర్లకు ఏళ్లు కలిసొస్తాయి. ఇది మీకు తెలిస్తే చాలదు, బోటు తోలే కుర్రాళ్లందరికీ తెలియాలి. మానేరులో ఒక బోటుకు ఇద్దరు డ్రైవర్లుండేవారు. ఒకతను తోలిన వారం నా ఫోన్ మోగేది, ఇంకొకతను తోలినప్పుడు మోగేది కాదు.

మన రిజర్వాయర్లలో దెబ్బకు ఇంకో కారణం నీళ్ల అడుగున ఉంటుంది. మిడ్ మానేరు కిందా, శ్రీరాంసాగర్ కిందా మునిగిన ఊళ్లున్నాయి. గోడలు, చెట్ల మోడులు, పాత బావుల గడ్డలు. వానాకాలంలో పైన ఇరవై అడుగుల నీళ్లుంటాయి, ఏప్రిల్, మే వచ్చేసరికి అవే మోడులు మీ ఫ్యాన్ ఎత్తుకు వస్తాయి. అందుకే ఎండాకాలం మొదట్లో ఒకసారి తెప్ప మీద జాలరి అన్నలను వెంటబెట్టుకుని ఆ దారంతా తిరగండి. ఏ మోడు ఎక్కడుందో వాళ్లకు అరచేతిలో గీతల్లా తెలుసు.

ఇక్కడే ఫ్యాన్ ఎంపిక వస్తుంది. రోటవేటర్‌కు షియర్ బోల్టు ఎందుకు పెడతారు? రాయి తగిలితే బోల్టు తెగి గేరుబాక్సు మిగలాలని. మీ ఫ్యాన్ మధ్యలో ఉండే రబ్బరు లేదా ప్లాస్టిక్ హబ్ చేసేదీ అదే. గట్టిగా తగిలితే హబ్ జారాలి, గేరు బతకాలి. ఆ హబ్ జారుతోందని దానికి బోల్టు కొట్టించి, వెల్డింగ్ పెట్టించి తెచ్చిన వాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు. అలాగే స్టీల్ ఫ్యాన్ మోజు పెట్టుకోవద్దు. స్టీల్ ఫ్యాన్‌తో వేగం కొంచెం పెరుగుతుంది, నిజమే. కానీ మోడు తగిలితే అల్యూమినియం రెక్క వంగుతుంది, స్టీల్ రెక్క వంగకుండా ఆ దెబ్బను లోపలికి పంపుతుంది. మన నీళ్లకు అల్యూమినియమే పెట్టండి, ఒకటి స్పేర్ ఉంచుకోండి.

పిచ్ (ఫ్యాన్ ఒక చుట్టు తిరిగితే లెక్కప్రకారం ముందుకు పోవాల్సిన దూరం) విషయానికొస్తే, ఇంజన్ కాగితాల్లో నిండు థ్రాటిల్ ఆర్‌పీఎం రేంజ్ ఇచ్చి ఉంటుంది, కార్బురేటర్ 5.7కు సాధారణంగా 4,400 నుంచి 4,800. ఎప్పుడూ ఎక్కించుకునే మనుషులతో, నిండు ట్యాంకుతో ఆ రేంజ్‌లో పైవైపు అందుకునే ఫ్యాన్ కావాలి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. మీ పాత ఫ్యాన్ 1.47 డ్రైవ్‌కు అలాగే సరిపోతుందనుకోవద్దు. 4,600 దగ్గర 1.81తో ఫ్యాన్ సుమారు 2,540 చుట్లు తిరిగేది, 1.47తో 3,130 తిరుగుతుంది. ఎక్కువ పిచ్ ఫ్యాన్ పెట్టి ఇంజన్ 4,000 దాటకుండా నడిపితే మెల్లగా నడిపినట్టు అనిపిస్తుంది. కానీ గేర్ల మీద అది నిండు బండిని టాప్ గేరులో ఘాట్ ఎక్కించినట్టు. ఇంజన్‌కూ మంచిది కాదు, డ్రైవ్‌కూ మంచిది కాదు.

ఇంజన్ లైన్. ఇంజన్ మార్చిన ప్రతి బోటులో నేను ముందు చూసేది ఇదే. 4.3 వి6 అంటే దాదాపుగా 5.7 వి8లోంచి రెండు సిలిండర్లు తీసేసినదే. బోర్, స్ట్రోక్ ఒకటే, ఫ్లైవీల్ హౌసింగ్ బోల్టులు కూడా కలుస్తాయి. అందుకే ఇది సులువైన మార్పు అంటారు. కానీ వి8 సుమారు 11 సెంటీమీటర్లు పొడవు, బరువు కూడా ఎక్కువ. ముందు మౌంట్లు ముందుకు జరుగుతాయి. అక్కడ కింద ఉన్న దుంగలు ఫైబర్ కప్పిన కలపవి అయితే లోపల చీకి ఉండొచ్చు. పాత బోటు కాబట్టి సుత్తితో కొట్టి వినండి. గట్టి కర్ర టక్‌మంటుంది, చీకిన కర్ర మొద్దుగా పలుకుతుంది. చీకిన దాంట్లో స్క్రూ బిగిస్తే ఈరోజు నిలబడుతుంది, నెలకు ఇంజన్ ముక్కు వాలుతుంది.

లైన్ చూడ్డానికి అలైన్‌మెంట్ బార్ అని పొడవాటి స్టీల్ కడ్డీ ఉంటుంది. డ్రైవ్ పక్కకు తీసి, బయటి నుంచి గింబల్ బేరింగ్ (వెనక గోడ దగ్గర షాఫ్ట్‌ను పట్టే బేరింగ్) గుండా ఆ కడ్డీని లోపల కప్లర్‌లోకి పంపాలి. కడ్డీ కొసకు పల్చగా గ్రీసు రాస్తాను. రెండు వేళ్లతో నెడితే వెళ్లాలి, రెండు వేళ్లతో లాగితే రావాలి. బయటికి తీసి గ్రీసు మీద గీతలు చూడాలి. చుట్టూ సమానంగా పడితే లైన్ ఉన్నట్టు. పైన ఒక్కటే ముద్రపడి కింద గ్రీసు అలాగే ఉంటే ఇంజన్ ముక్కు ఎత్తు సరిగా లేదని అర్థం. ముందు మౌంట్ల నట్లు కొద్దికొద్దిగా తిప్పుతూ, మళ్లీ మళ్లీ కడ్డీ పంపుతూ చూడాలి. నాకు ఒక్కోసారి సగం రోజు పడుతుంది. సుత్తితో కొట్టి దూర్చేశాం అన్నారంటే ఆ పని జరగనట్టే లెక్క. లైన్ తప్పితే ముందు కప్లర్ లోపలి పళ్లు అరుగుతాయి, తర్వాత గింబల్ బేరింగ్ గరగరమంటుంది, క్రాస్‌ల మీద భారం పడుతుంది. కొత్త ఇంజన్ పెట్టాక ఇరవై గంటలు నడిపి ఇంకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చూడండి.

గేర్ ఆయిల్. బోటు వేగంగా పోతున్నప్పుడు కింది భాగం నీళ్లలో ఉంటుంది, పై గేరు బాక్సు నీళ్ల పైకి వస్తుంది. కింద చల్లబరిచే నీళ్లు పైన లేవు. అందుకే వేడికి ముందు దెబ్బ తినేవి పై గేర్లు. ఆయిల్ పొర పల్చబడితే పన్ను పన్నును నేరుగా రాస్తుంది. వేగంగా పోయే బోట్లకు డ్రైవ్ షవర్ అని ఒక చిన్న పైపు అమర్చి, పోయేటప్పుడు నీళ్లు పై బాక్సు మీద పడేలా చేస్తారు. ఎక్కువ ఖర్చేమీ కాదు. మే నెల ఎండలో రోజంతా ట్యూబ్ లాగే బోటుకు నేను తప్పకుండా పెట్టిస్తాను.

బోట్ల కోసం చేసిన గేర్ ఆయిలే పోయండి. లారీ గేర్ ఆయిల్ అదే చిక్కదనం కదా అని పోస్తారు. బోటు ఆయిల్‌లో కొద్దిపాటి నీళ్లు చేరినా తుప్పు ఆపే మందులు కలుపుతారు. పోసేటప్పుడు కింది బిరడా దగ్గర నుంచి పంపుతో పైకి ఎక్కించాలి, పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిల్ కారే దాకా. పైనుంచి పోస్తే లోపల గాలి నిలిచిపోతుంది, నిండినట్టే కనిపిస్తుంది గానీ నిండదు. బిరడాల వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయండి. పాత వాషర్ మిగిల్చేది కొన్ని రూపాయలు, పోగొట్టేది గేరు సెట్.

100 గంటలకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చాలి. మీ వి8కు, అందులోనూ ట్యూబ్‌లు లాగే పనికి, 50 గంటలకే మార్చమంటాను. తీసిన ఆయిల్‌ను పారబోసే ముందు చూడండి. కింది బిరడాకు అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి పొడి పేస్టులా అంటుకుంటే ఫర్వాలేదు, అది మామూలు అరుగుదల. రెండు వేళ్ల మధ్య రాసి చూడండి, గరుకు తగలకూడదు. వేలికి గుచ్చుకునే ముక్క, గోరు చివరలా మెరిసే రేకు దొరికితే ఇక బోటు నీళ్లలోకి దింపొద్దు, పన్ను పోతోంది. ఆయిల్ టీలా పాల రంగులో ఉంటే నీళ్లు చేరాయి.

నీళ్లు ఎక్కణ్నుంచి చేరతాయి? మన దగ్గర పది డ్రైవ్‌లలో ఏడెనిమిదింటికి ఒకటే జవాబు, వల దారం. జాలరి వలల నైలాన్ దారం తెగి నీళ్లలో తేలుతూ ఉంటుంది. ఫ్యాన్ దాన్ని చుట్టుకుంటుంది. చుట్టుకుంటూ చుట్టుకుంటూ ఫ్యాన్ వెనక షాఫ్ట్ దగ్గరికి జారి, వేడికి కరిగి గట్టి రింగులా తయారై ఆయిల్ సీలును కోస్తుంది. లక్నవరంలో ఒక బోటు ఫ్యాన్ విప్పితే లోపల చూపుడు వేలంత మందాన ఆకుపచ్చ దారం కరుడుకట్టి ఉంది. కత్తితో కోసి తీయాల్సి వచ్చింది. సీలు అంచు బ్లేడుతో చెక్కినట్టు తెగి ఉంది. ఎన్ని నెలల నుంచి నీళ్లు లోపలికి వెళ్తున్నాయో, కింది బేరింగుల మీద తుప్పు మచ్చలు వచ్చేశాయి. అందుకే నెలకోసారి ఫ్యాన్ విప్పండి. ఒక నట్టు, పది నిమిషాల పని. షాఫ్ట్ పళ్లకు గ్రీసు రాసి మళ్లీ బిగించండి.

గేరు వేసే పద్ధతి. ఆల్ఫాలో ముందుకు, వెనక్కు గేర్లు రెండూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, మధ్యలో ఒక పళ్ల క్లచ్ జరిగి ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది. బ్రావోలోలా జారుతూ పట్టే కోన్ క్లచ్ కాదు ఇది. కాబట్టి భయపడుతూ మెల్లగా వేస్తే పళ్ల అంచులు కరకరమంటూ గుండ్రబడతాయి. ఐడిల్ 650, 700 దగ్గర ఉండాలి, లీవర్ ఒక్క ఊపులో గట్టిగా పడాలి, టక్ అని ఒకే శబ్దం రావాలి. కొత్త వి8 ఐడిల్ ఎక్కువ పెట్టి వదిలేస్తారు, ఆగిపోకుండా ఉంటుందని. 900 దగ్గర గేరు వేస్తే ప్రతిసారీ ఆ క్లచ్ మీద సుత్తి దెబ్బే. గేరు లోంచి తీసేటప్పుడు ఇంజన్ ఒక్క క్షణం తడబడుతుంది. అది ఇగ్నిషన్ కట్ చేసే స్విచ్ పని, పళ్లు విడిపోవడానికి. ఇంజన్ మార్చే వాళ్లు ఆ వైరు అనవసరం అనుకుని వదిలేస్తుంటారు. మీ కొత్త ఇంజన్‌కు అది కలిపి ఉందో లేదో తప్పకుండా చూడండి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. క్రాస్‌ల మీద ఉండే రబ్బరు బెలోస్‌ను మడతలు విప్పి, వేలితో లోపలి దాకా చూడండి. చిన్న పగులున్నా మార్చేయండి. గోవా నుంచి వచ్చిన బోటు కాబట్టి చూడకుండానే మార్చమంటాను. ఇంపెల్లర్ కొత్తది వేయండి. ఆల్ఫాలో ఇంజన్‌కు నీళ్లిచ్చే పంపు డ్రైవ్‌లోనే ఉంటుంది. నీళ్లు లేకుండా కొద్దిసేపు తిప్పినా దాని రబ్బరు కాలిపోతుంది, మండువేసవిలో బురద నీళ్లు పీలిస్తే అరిగిపోతుంది. మీ పాత ఇంజన్ వేడెక్కి పోయిందన్నారు, బహుశా కథ అక్కడే మొదలైంది. ఆ కారణం తేల్చకుండా కొత్త ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. అలాగే సముద్రంలో తిరిగిన బోటుకు జింక్ అనోడ్‌లుంటాయి, అంటే డ్రైవ్‌కు బదులు తాము కరిగే లోహపు ముక్కలు. మంచినీళ్లలో జింక్ సరిగా పనిచేయదు, మన చెరువులకు మెగ్నీషియంవి పెట్టాలి. లేకపోతే డ్రైవ్ అల్యూమినియమే కరుగుతుంది.

ఇంకొక మాట, ఇది డ్రైవ్ గురించి కాదు, ప్రాణాల గురించి. మీకు దొరికిన వి8 కారులోంచి తీసిందైతే దాని స్టార్టర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యూయల్ పంప్, కార్బురేటర్ బోటులో పెట్టొద్దు. కారులో పెట్రోల్ ఆవిరి కిందికి పోయి గాలిలో కలిసిపోతుంది. బోటులో అడుగున పేరుకుంటుంది. బోటు సామాన్లు నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి చేస్తారు. కారు సామాన్లు అలా ఉండవు. స్టార్ట్ చేసే ముందు ఇంజన్ గది బ్లోయర్ ఐదు నిమిషాలు తిప్పి, మూత ఎత్తి వాసన చూశాకే తాళం తిప్పండి.

జనాన్ని ఎక్కించే బోటైతే ఇంజన్ మార్చాక సర్వే చేయించకుండా తిప్పొద్దు. 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజన్‌తో నడిచే బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే ఉండాలి. వెనక బరువు పెరిగింది, వేగం పెరిగింది, ఎంతమందిని ఎక్కించొచ్చో మళ్లీ చూడాలి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు మన కడిపికొండ నుంచి వెళ్లిన వాళ్లూ అందులో ఉన్నారు. వరంగల్లో ఆ రోజు ఎవరూ మర్చిపోలేదు. లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కరినీ ఎక్కించుకోవద్దు.

బ్రావో సంగతి కూడా అడిగారు. బ్రావో గట్టిది, కోన్ క్లచ్‌తో మెత్తగా గేరు పడుతుంది, నాకూ ఇష్టమే. కానీ డ్రైవ్ ఒక్కటి కొంటే సరిపోదు. బెల్ హౌసింగ్ మారాలి, షిఫ్ట్ అమరిక మారాలి, బ్రావోలో నీళ్ల పంపు ఉండదు కాబట్టి ఇంజన్ మీద విడిగా పంపు పెట్టాలి. మీ ఇంజన్ 300 దాటితేనో, బోటు చాలా పెద్దదైతేనో ఆ ఖర్చుకు అర్థముంది. 19 అడుగుల బోటు, 260 హార్స్‌పవర్ ఇంజన్‌కు ఆ డబ్బుతో సరైన రేషియో పై బాక్సు, కొత్త బెలోస్, కప్లర్, రెండు ఫ్యాన్లు కొని ఇంకా మిగుల్చుకోవచ్చు.

కొత్త గేర్లు పెట్టాక మొదటి పది గంటలు ఒకే వేగంలో ఎక్కువసేపు నడపొద్దు, నిండు థ్రాటిల్ వద్దు, ట్యూబ్ లాగొద్దు. ఇరవై గంటలకు ఆయిల్ తీసి మార్చండి. ఆ మొదటి ఆయిల్‌లో పొడి కొంచెం ఎక్కువే కనిపిస్తుంది, కంగారు పడొద్దు.

ఇప్పటికి మీరు చేయాల్సింది రెండు పనులు. డ్రైవ్ పై బాక్సు మీద ఉన్న సీరియల్ నంబర్, దాని పక్కనే అచ్చు వేసి ఉండే రేషియో చదివి చెప్పండి. పాత ఫ్యాన్ హబ్ మీద కొట్టి ఉన్న అంకెలు కూడా రాయండి, మొదటిది వ్యాసం, రెండోది పిచ్. అవి తెలిస్తే మీ వి8కు ఏ ఫ్యాన్‌తో మొదలుపెట్టాలో లెక్క వేసి ఇక్కడే రాస్తాను. కింది బిరడా తీసి అయస్కాంతం ఫోటో కూడా పెడితే ఇంకా మంచిది, ఉన్న గేర్ల పరిస్థితి సగం దాన్ని చూసే చెప్పొచ్చు.